ఎడమ సీటు బరువు

మామయ్య పోయారు. ఈ నెల మొదట్లో ఒక పొద్దున ఆస్పత్రి నుంచి బావ ఫోన్ చేసి ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేశాడు. అప్పుడు నేను మిషను మీద మామయ్య లుంగీ అంచు మడిచి కుడుతున్నాను. కుట్టు పూర్తి చేసే లేచాను. ఎందుకు పూర్తి చేశానో నాకే తెలియదు.

ఆయన నాకు రెండు విధాల మామయ్య. మా అమ్మకు తమ్ముడు, నేను కట్టుకున్న బావకు నాన్న. కొంటా నుంచి వచ్చి బచేలిలో ఖనిజం లారీలకు కమాన్ కట్టలు కట్టే షాపు పెట్టారు. లారీ బరువు మోసే ఆ ఇనుప పట్టీల మధ్యే ఆయన జీవితమంతా గడిచింది. మీలో ఎవరైనా మా షాపు ముందు బండి ఆపి ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చుని, బండి ఏ పక్కకు వంగిందో చూసేదాకా నోరు విప్పేవారు కాదు. నా పెళ్ళి మాటలప్పుడు లోపల టీలు చల్లారిపోతుంటే, ఆయన బయట ఎవరిదో జీపు కింద ఉన్నారని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

నాకు మిషను కొనిచ్చింది కూడా ఆయనే. ఊగకుండా దాని కాలి కింద అట్టముక్క దోపి, ముందు నిలబెట్టు బిడ్డా, తర్వాత ఉరికించు అన్నారు. ఆ మిషనే నాకు ఇంత అన్నం పెడుతోంది.

తోంగ్‌పాల్ దగ్గర రోడ్డు వేసి ఇంకా తెరవని ముక్క ఒకటి ఉంది. ఆదివారాలు అక్కడ కార్ల పందేలు. గీత మీద నిలబడ్డ బండి ఒక్కసారిగా దూకి నేరుగా పోవాలి, అంతే. బావకు అదొక పిచ్చి. పాత అంబాసిడర్ ఒకటి కొని, ఇంజను మార్చి, కింద పని తండ్రికి అప్పగించాడు.

అంతా ఆ దూకే క్షణంలోనే ఉందని మామయ్య అనేవారు. ఇంజను విసురుకు వెనక ఎడమ చక్రం నేలను అదిమిపడుతుంది, కుడిది తేలిపోతుంది. అప్పుడు బండి మూతి పక్కకు తిరుగుతుంది. అందుకని కుడివైపు కమాన్ కట్ట కింద ఇనుప పలకలు పెట్టి, ముందే ఆ చక్రం మీదికి బరువు నెట్టాలి. ఆ లెక్కంతా ఆయన తాను ఎడమ సీట్లో కూర్చుంటాననే వేసేవారు. ఆ సీట్లో బరువు తగ్గితే కుడి చక్రమే ఎక్కువ నెట్టి, బండి ఎడమకు తిరుగుతుంది. కట్టినోడు ఎక్కని బండిని నమ్మొద్దు అనేవారు. పందెం నాడు కూడా కొడుకు పక్కన కూర్చోవలసిందే. నాకు భయంగానే ఉండేది. మామయ్య పక్కన ఉన్నారు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

వానలు తగ్గాక బండి ఎడమకు లాగడం మొదలైంది. పలకలు సరిచేస్తే కొన్నాళ్ళు నేరుగా పోయేది, తర్వాత మళ్ళీ ఎడమకే. షాక్ అబ్జార్బర్లు మార్చారు, టైర్లు మార్చారు. ఒక ఆదివారం రోడ్డు దిగి, ఎడమ గట్టున చూస్తున్న జనం మీదికి దూసుకెళ్ళి, అడుగు దూరంలో ఆగింది. ఒకావిడ తన బిడ్డను చెయ్యి పట్టి వెనక్కి గుంజింది. ఆ బిడ్డ చేతిలోని మురమురాలు బానెట్ మీద చెదిరిపడ్డాయి.

మర్నాడు అన్నాల దగ్గర బావ మళ్ళీ అదే ఎత్తాడు. అంతా బరాబర్ ఉంది, మరి ఇదేంది నాయినా అని. నేను పప్పు వడ్డిస్తూ, ఆ ప్యాంటు విడిచి ఇవ్వండి మామయ్యా, నడుము మళ్ళీ వదులైంది, పట్టేసి ఇస్తాను అన్నాను. మామయ్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. కాసేపు తన నడుము వైపు చూసుకున్నారు.

"బండి బరాబరే ఉన్నదిరా," అన్నారు కొడుకుతో. "నేనే తేలికైతున్న."

ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, విస్తరి ఖాళీ చేసే లేచారు.

జగదల్‌పూర్‌లో పరీక్షలు చేసి కడుపులో గడ్డ అన్నారు, చాలా ముదిరిందన్నారు. అయినా ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆయన ఎడమ సీటు వదల్లేదు. నేను బతిమాలాను, అరిచాను కూడా. ఆయన తగ్గినకొద్దీ కుడివైపు పలకలూ తగ్గుతూ వచ్చాయి. మంచం పట్టాక రోజూ కొడుకును పిలిచి ఒకటే మాట చెప్పేవారు.

"ఆ పలకలన్నీ తీసెయ్యిరా. నేను లేనని లెక్కేసి మళ్ల కట్టు."

బావ రేపు అనేవాడు. తీస్తే తండ్రి పోతాడని ఒప్పుకున్నట్టే కదా. నాకు ఒళ్ళు మండేది, జాలీ వేసేది.

కర్మలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఈ ఆదివారం నాయిన పేరు మీద ఒక్కసారి ఉరికిస్తానంటున్నాడు బావ. పలకలు మాత్రం ముట్టుకోనివ్వడు. అవి నాయిన ఉండగా చివరిసారి పెట్టినవట. ఆ సీటు ఖాళీగా ఉంటే బండి ఎటు పోతుందో మా ఇద్దరికీ తెలుసు. ఎడమ గట్టున జనం నిలబడతారనీ తెలుసు.

ఈ పొద్దున షాపు దగ్గరికి వెళ్ళేసరికి, ఎడమ సీట్లో బియ్యం బస్తా పెట్టి బెల్టు కట్టి ఉంది.

"ఇది ఏ రోజు బరువు బావా?" అని అడిగాను. "మామయ్య మంచిగున్ననాటిదా, ఆఖరుకు కూసున్ననాటిదా?"

బావ బస్తా మూతి విప్పి దోసెడు బియ్యం తీసి బకెట్లో పోశాడు. వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చుని బండిని చూశాడు. వచ్చి మరో దోసెడు తీశాడు. మళ్ళీ వెళ్ళి చూశాడు. నేను చూస్తుండగానే బెల్టు వదులై బస్తా ఓ పక్కకు ఒరిగింది. రెండు చేతులతో దాన్ని మెల్లగా లేపి నిటారుగా కూర్చోబెట్టాడు. బెల్టు ఇంకాస్త బిగించి, మళ్ళీ బస్తాలో చెయ్యి పెట్టాడు.