చేపల పులుసు దాకా వచ్చిన మందు

మా అమ్మాయి పరిశోధన చేస్తున్న కొలనులో ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా నాచు చంపే మందు పోశారు. అది అన్యాయం. ఇన్నేళ్లయినా ఆ మాటే అంటాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు మనవాళ్లు సింగపూరుకు తండోపతండాలుగా వస్తున్న రోజులవి. మా సుజాత మాత్రం మంచినీళ్లలో పెరిగే విషపు నాచు మీద పీహెచ్‌డీ చేస్తోంది. నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. ఆమె పుస్తకాలే కూడబలుక్కుని చదివేవాణ్ణి. సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్ల మధ్య కొలను ఆ ఏడు ఆకుపచ్చ రంగు కలిపినట్టయింది. ఆ నాచు దానంతటది ఎలా చస్తుందో చూడాలని, అందాకా ముట్టుకోవద్దని సుజాత ఫ్లాట్ల మేనేజరును బతిమాలింది. అతను తల ఊపాడు.

ఒక ఉదయం చూద్దును కదా, చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి! పక్క ఫ్లాటు ప్రోగ్రామరు రమేష్ వాటిని సంచిలోకి ఏరుతున్నాడు.

"ఫ్రీ చేపలు అంకుల్! పులుసు పెట్టించండి!"

సుజాత పరుగున వచ్చి సంచి లాగేసింది. "మందుకి నాచు పగిలి, విషమంతా నీళ్లలోకి దిగింది. తింటే లివర్ పోతుంది!"

రమేష్ మొహం పాలిపోయింది. "ఇందాకే ఆంటీకి నాలుగు ఇచ్చొచ్చానే!"

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాను. మా ఆవిడ చింతపండు పిసుకుతోంది. చేపల్ని గిన్నెతో సహా చెత్తలో పారేశాను.

పరిశోధన పోయింది, ప్రాణాలు పోబోయాయి. ఎందుకు పోశావని రోజూ వెళ్లి నిలదీస్తే, చివరికి మేనేజరు సింగపూరు వాళ్ల ఊతపదం ‘లా’ తగిలించి నవ్వుతూ అన్నాడు:

"మళ్లీ పచ్చబడుతుంది లా, అంకుల్. అప్పుడు చదువుకోమనండి."