ఠాణా లైటుకు కొట్టుకున్న బాతులు

పొద్దున ఠాణా గోడ కింద చచ్చిన బాతులు కుప్పగా పడి ఉన్నాయి. చలికాలంలో మా వైపు వలస వచ్చేవే. మంచులో దారి తప్పి, నక్సలైట్ల భయానికి పోలీసులు జగిత్యాల నుంచి తెచ్చి బిగించిన పెద్ద లైటు చుట్టూ తిరిగి తిరిగి, బాంబులు పడకుండా కట్టిన ఇనుప జాలికి కొట్టుకున్నాయి. ఆ చప్పుడుకు లోపలివాళ్లు కాల్పులు కూడా జరిపారట.

“మంచు పోయేదాక లైటు బంద్ పెట్టరాదు?” అని కాపలా కానిస్టేబుల్‌ను అడిగాను.

“బంద్ పెడితే తెల్లారేసరికి మేముండం సారూ,” అన్నాడు.

తలుపు ఎవరు కొడతారోనని మా వీధిలో పొద్దుగూకగానే అందరం దీపాలు ఆర్పేస్తాం. ఇక ఊరంతటికీ వెలుగు అదొక్కటే, పిట్టలు ఇంకెటు పోతాయి?

ఇప్పుడే మళ్లీ లైటు వేశారు. మంచు దిగుతోంది. ఈ రాత్రి ఆ జాలికి చప్పుడైతే, అది పిట్టేనని మీలో ఎవరైనా చెప్పగలరా?