సింధు మనోవర్తి

భర్త కుమారస్వామి మీద కమల మనోవర్తి కేసు వేసింది పంతం కొద్దీ కాదు. కూతురు సింధు తొమ్మిదో తరగతికి వచ్చింది. స్కూలు ఫీజు రెండు విడతలు బాకీ పడింది. తండ్రన్నవాడు నాలుగేళ్లుగా పైసా ఇవ్వడం లేదు. హన్మకొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కౌంటర్లో కూర్చుని తాను తెచ్చే జీతంలో సగం ఇంటి ఖర్చులకని అన్న చేతిలో పెడితే, మిగిలింది బస్సు చార్జీలకూ బిడ్డ పుస్తకాలకూ చాలేది కాదు.

ఆ అన్న పేరు పాండురంగం. వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. భార్య దీప కూడా అప్పుడప్పుడు అక్కడ కూర్చుంటుంది. తండ్రి పోయేనాటికి కమల చిన్నపిల్ల. పెంచిందీ, డిగ్రీ చదివించిందీ, తొర్రూరులో మోటారు వైండింగ్ షాపున్న కుమారస్వామికిచ్చి పెళ్లి చేసిందీ ఆయనే. స్నేహితుడి అప్పుకు జమానతు ఉండి కుమారస్వామి ఆమె నగలన్నీ పోగొట్టాడు. అడిగినందుకు చెయ్యెత్తాడు. ఆ మర్నాడే ఆటో మాట్లాడుకుని వచ్చి చెల్లెలినీ మేనకోడలినీ తీసుకుపోయిందీ పాండురంగమే.

పెద్దమనుషుల ముందు కూర్చుని, సింధు ఖర్చులకు కుమారస్వామి నెలకు ఎనిమిది వేలు ఇవ్వాలని ఒప్పుకున్నారు. కమల తన ఫోన్లోంచి మొగుడి నంబరు కూడా తీసేసింది. "పైసల సంగతి నేను చూస్త, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు అన్న.

మొదటి నెల అడిగితే, "ఇయ్యలే చెల్లె. షాపు నడుస్తలేదంటాండు" అన్నాడు. తర్వాతి నెలా అదే మాట. అడిగి అడిగి కమల ఊరుకుంది.

పోయినేడు సింధు పుట్టినరోజున కుమారస్వామి కొత్త డ్రెస్సు పట్టుకుని స్కూలు గేటు దగ్గరికి వచ్చాడు. "ఫీజు కట్టనోనివి డ్రెస్సెందుకు తెచ్చినవ్?" అని పిల్లలందరి ముందూ అనేసి, కవరు ముట్టుకోకుండా వెళ్లిపోయింది సింధు. నెల నెల ఇస్తనే ఉన్న గద బిడ్డా అని వెనక నుంచి అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి చెబితే కమల, "ఆయన నోట్ల నిజమెప్పుడొచ్చింది?" అని కొట్టిపారేసింది.

కోర్టుకు పోతానంటే పాండురంగం వద్దన్నాడు. "ఇజ్జత్ పోతది చెల్లె." తన మీద ప్రేమతోనే అంటున్నాడనుకుంది కమల. అయినా కేసు వేసింది. ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలింగ్ రోజున ఆయన రానంటే, బతిమాలి వెంటబెట్టుకుపోయింది.

కౌన్సెలర్ మేడం కుమారస్వామిని సూటిగా అడిగింది. "కన్నబిడ్డకు నాలుగేండ్లు ఎందుకియ్యలేదు?"

అతను అర్థం కానట్టు చూశాడు. "ఇయ్యకపోవుడేంది మేడం? ప్రతి నెల ఇస్తాన. ఈమె ఖాతా నంబరు నా దగ్గర లేదు. వీళ్లన్న చేతుల పెడ్తాన."

కమలకు నవ్వొచ్చింది. "పక్కన్నే కూసున్నడు మా అన్న. ఆయన ముంగటనే ఇంత అబద్ధమా? చెప్పన్నా!"

పాండురంగం కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు.

"చెప్పు బావా," అన్నాడు కుమారస్వామి. "మొన్న గూడ దుకాణంల ఇచ్చిన. దీపక్క చాయ్ తెచ్చింది." అంతలో అతని గొంతు మారిపోయింది. "అంటే... ఈమెకు అందలేదా?"

"అన్నా!" అంది కమల మళ్లీ.

"ఇద్దరికి తిండి ఎక్కడికెల్లి వస్తది చెల్లె?" నేల చూస్తూ అన్నాడు పాండురంగం. "దుకాణం నష్టంల పడ్డది. సర్దుతనే అనుకున్న."

"నా జీతంల సగం ఇయ్యలేదా అన్నా?" అని అడిగింది కమల. మేడం మంచినీళ్లిచ్చింది. గ్లాసు చేతిలో ఉందన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు. స్కూలు గేటు దగ్గర కవరు పట్టుకుని నిలబడ్డ మనిషే కళ్ల ముందు ఆడుతున్నాడు.

తగువు అంతటితో తెగలేదు. "ఇచ్చిన పైసలు రెండోసారి ఎట్ల ఇయ్యాలె?" అన్నాడు కుమారస్వామి. "నా బిడ్డకు అందనిది ఇచ్చినట్టు ఎట్లయితది?" అంది కమల. వచ్చే నెల నుంచి నేరుగా కమల ఖాతాలో వేయాలనీ, వెనకటి సొమ్ము సంగతి జడ్జిగారే తేలుస్తారనీ మేడం చెప్పింది. అది ఇంకా తేలలేదు.

సాయంత్రం సింధుకు చెప్పింది. "మామనా?" అంది ఆ పిల్ల. "అమ్మా, నేను నాన్నను అందరి ముంగట..." అంటూ ఆగిపోయింది. కమల దగ్గరికి తీసుకోబోతే జరిగి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ వారంలోనే సెంటర్ దగ్గర ఒక గది కిరాయికి తీసుకున్నారు. సామాన్లు సర్దుతుంటే వదిన దీప వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాకు తెల్సు కమలా. చెప్తే ఇల్లు ఆగమైతదని భయపడ్డ." ఆ మాటకు కోపం రావాల్సింది. కమలకు ఏమీ రాలేదు. బ్యాగు జిప్పు పడకపోతే దీపే వంగి వేసింది.

కమల కుమారస్వామి దగ్గరికి తిరిగి పోలేదు. ఎత్తిన చెయ్యిని ఆమె మర్చిపోలేదు. అతనూ రమ్మనలేదు. సింధు మాత్రం తండ్రికి ఫోన్ చేసింది. మొదటిసారి ఇద్దరూ హలో అనుకుని ఊరుకున్నారు.

మరుసటి నెల మొదటి వారంలో, కౌంటర్లో ఉండగా కమల ఫోన్ మోగింది. ఎనిమిది వేలు పడ్డట్టు మెసేజ్. దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"మేడం, మా రిపోర్ట్ వచ్చిందా?" ఎదురుగా ఒక ముసలాయన.

"ఏం పేరు?" అంది కమల. ఆయన చెప్పాడు. ఒక నిమిషం తర్వాత మళ్లీ అడగాల్సి వచ్చింది.