అడ్రస్‌తో సహా ప్రార్థన

ఇది ఒక మహాకావ్యం. ఏడుగురు పిల్లలను కని, పెంచి, పెళ్లిళ్లు చేసి, ముప్ఫై ఒక్క మంది ఉన్న కుటుంబాన్ని ఒంటి చేత్తో, రెండు మోకాళ్లతో మోసిన ఒక విశ్వాసవీరురాలి కథ. ఇందులో తల్లీకొడుకుల ఎడబాటు ఉంది, మూడేళ్ల మౌనం ఉంది, చివర్లో శస్త్రచికిత్స కూడా ఉంది.

ఇంత చెప్పాక ఒప్పుకోక తప్పదు. శస్త్రచికిత్స కంట్లో శుక్లానికి. ఎడబాటు నాంపల్లి నుంచి గన్‌ఫౌండ్రీ దాకా. అంత దగ్గరకైతే ఆటోవాళ్లు కూడా రామంటారు. కాబట్టి కావ్యం సంగతి మరిచిపోండి. ఇది ఒక అడ్రస్ గురించిన గొడవ.

మా నాయనమ్మ రోజూ పొద్దున ఐదింటికి ప్రార్థన చేసేది. కుటుంబంలో ప్రతి మనిషి కోసం విడివిడిగా, పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్ల వరకు, పైకి, గట్టిగా. ఆమెకు చెవులు కాస్త మందం. దేవునికి కూడా అంతేనని నమ్మినట్టుండేది. నాంపల్లి స్టేషన్ వెనక మా ఇంటి గోడలు పాతకాలపు మందపాటివే, అయినా ఆ గొంతును ఆపలేకపోయేవి. పక్క పోర్షన్ వాళ్లు అలారం పెట్టుకోవడం మానేశారు. డిగ్రీలో నాకు రెండు సబ్జెక్టులు పోయిన సంగతి మా నాన్న కంటే ముందు వాళ్లకే తెలిసింది.

విశేషం గొంతు కాదు. ప్రతి మనిషినీ ఆమె అడ్రస్‌తో సహా దేవునికి అప్పజెప్పేది. ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు, దేని ఎదురుగా, ఏ సందులో. మా పెద్దత్త కోసం చేసే ప్రార్థనలో లిఫ్టు పనిచేయడం లేదన్న వివరం కూడా ఉండేది. దీనికి కారణం మా తాత. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలను పేటల వారీగా వేరుచేసే పనిలో ఆయన రిటైరయ్యేదాకా ఉన్నాడు. అడ్రస్ సరిగా లేని ఉత్తరం ఎంత గొప్పవాళ్లు రాసినా తిరిగిపోవాల్సిందేనని అన్నం తింటూ రోజూ చెప్పేవాడట. పిన్‌కోడ్ ఒక్కటి సరిగ్గా ఉంటే మిగతా తప్పులు పోస్ట్‌మ్యాన్ చూసుకుంటాడని కూడా చెప్పేవాడట గాని, నాయనమ్మ మొదటి సగమే పట్టుకుంది. పిన్‌కోడ్‌లు డైరీలో రాసుకునేది, ప్రార్థనలో మాత్రం చదివేది కాదు. అది లోపలి ఆఫీసువాళ్లు చూసుకునే పని అని ఆమె ఉద్దేశం.

ఒకసారి అడిగాను, దేవునికి మన ఇళ్లు తెలియవా అని.

"ఆయనకు తెలుస్తది. నేను మర్చిపోలేదని ఆయనకు తెల్వాలె గదరా" అంది.

ఇక మా చిన్నాయన. నాయనమ్మ ఆఖరి కొడుకు, మాకు రెండు సందుల అవతల కిరాయికి ఉండేవాడు. ఆయనకు ఉద్యోగం పోయింది. చిన్నమ్మకు ఎలా చెప్పాలో తెలియక, రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి పబ్లిక్ గార్డెన్లో కూర్చుని వచ్చేవాడు. పదో రోజు ఉండలేక తల్లికి చెప్పుకున్నాడు. నాయనమ్మ కన్నీళ్లు పెట్టుకుంది, తలమీద చెయ్యి పెట్టింది, ఎవరికీ చెప్పనంది. శుక్రవారం స్త్రీల కూటంలో ప్రార్థన అవసరతలు ఏమైనా ఉన్నాయా అని అడిగితే లేచి నిలబడి, ఇంటి నంబరుతో సహా చెప్పేసింది.

ఆదివారం చర్చిలో చిన్నమ్మకు ఆ కబురు వెనక వరసలోంచి, ఓదార్పుతో పాటు అందింది. చిన్నాయనకు ఒక పెద్దాయన పాపం అప్పటికే వాచ్‌మన్ పని కూడా చూసిపెట్టాడు. అది చిన్నాయన బావమరిది ఉండే అపార్ట్‌మెంట్.

ఆ మధ్యాహ్నం చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన అరిచే మనిషి కాదు.

"నీకు చెప్తే దేవునికి చెప్పినట్టే అనుకున్ననమ్మా. మైకుల చెప్పినట్టయింది."

"నేను దేవునికే చెప్పిన. పక్కన కూసున్నోళ్లు విన్నరు" అంది నాయనమ్మ.

ఆమె నిజంగానే అలా అనుకుంది, అదే వచ్చిన చిక్కు. నెల తిరగకుండా చిన్నాయన ఇల్లు ఖాళీ చేశాడు. సుల్తాన్ బజార్లో కుక్కర్లు, స్టీలు గిన్నెల దుకాణంలో పనికి కుదిరాడు. తన తల్లికి మాత్రం అడ్రస్ ఇవ్వొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. ఆయన ఎక్కడ ఉంటున్నాడో కుటుంబంలో మిగిలిన ఇరవై తొమ్మిది మందికీ తెలుసు. తెలియనిది నాయనమ్మకూ, ఆమె పద్ధతి ప్రకారం చూస్తే దేవునికీ.

ఫోన్ చేస్తే ఆయన ఎత్తేవాడు కాదు. ఆమె పాత అడ్రస్ మీదే ప్రార్థన కొనసాగించింది. కొత్తది తెలిసేదాకా పాతదానికే పంపుతానని, అక్కడి నుంచి దేవుడే మళ్లిస్తాడని అనేది. ఆ ఇంట్లోకి ఈలోగా పరుపులు అమ్ముకునే కుటుంబం ఒకటి దిగింది. మూడేళ్లలో వాళ్ల అమ్మాయి పెళ్లయింది, అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, గుమ్మం ముందుకు కారొచ్చింది. నేనేమీ అనడం లేదు. మా చిన్నాయన మాత్రం అదే పాత స్కూటర్‌ను ఒక పక్కకు వంచి స్టార్ట్ చేసేవాడు.

అప్పుడు నాయనమ్మకు ఎడమ కంటి ఆపరేషన్ అన్నారు. ఇరవై నిమిషాల పని, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు అన్నాడు డాక్టర్. ఆమె లోకం విడిచిపోయే ఏర్పాట్లు మొదలుపెట్టింది. తన తర్వాత ఏ చీర ఎవరికో తేల్చింది. భూస్థాపన ఆరాధనలో ఏ పాటలు పాడాలో రాయించింది, ఏ కోడలు పాడకూడదో కూడా రాయించింది. చివరికి నన్ను పిలిచి డైరీ తెరిచింది. చిన్నాయన పేరు ఎదురుగా ఉన్న అడ్రస్ చుట్టూ పెన్సిల్‌తో ఎన్నిసార్లు గీసిందో, కాగితం చిరగడానికి సిద్ధంగా ఉంది.

"గీ ఒక్కటి సక్కజేసి పోత బిడ్డా. జర పోయి అడిగిరా."

ఇది శుక్లాల ఆపరేషన్ అని గుర్తు చేశాను.

"కట్టు ఇప్పినాక ఎవరు కనబడ్తరో ఎవరికెరుక."

"డాక్టర్ కనబడ్తడు నాయనమ్మా."

ఆమె నవ్వలేదు. నా జోకులకు ఎంత చెత్తవైనా నవ్వే మనిషి ఆమె. చెప్పులేసుకున్నాను.

దుకాణంలో చిన్నాయన కుక్కర్ మూతలకు రబ్బర్లు సరిచూస్తున్నాడు. విషయం చెప్పాను. ఇంకో నాలుగు మూతలకు రబ్బర్లు చూశాడు.

"ఏ కన్ను?"

"ఎడమది."

మరో మూత అయింది.

"అడ్రస్ ఇస్త. గని అడ్రస్ చదివి ఆడికే ఆపాలె. నా నౌకరి, నా బీపీ, మీ చిన్నమ్మ, ఏదీ ఎత్తొద్దు."

అది ఆమె వల్ల కాదేమో అన్నాను. గ్యాస్ సిలిండర్ ఎప్పుడు అయిపోయిందో కూడా దేవునికి చెప్పే మనిషి.

"అయితే నువ్వు పో" అన్నాడు.

నేను పోలేదు. కాసేపటికి ఆయనే ఒక బిల్లు తిరగేసి రాసిచ్చాడు. ఇంటి నంబరు, మొదటి అంతస్తు, గన్‌ఫౌండ్రీ బ్యాంకు వెనక సందు, నీలం గేటు, ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్, కింద పిన్‌కోడ్. పోస్టాఫీసు మనిషి కొడుకు రాసినట్టే ఉంది. షరతు నాయనమ్మకు చెప్పాను. ఆమె చీటీ మడిచి డైరీలో పెట్టుకుని, సరే అంది.

మర్నాడు ఐదింటికి తనిఖీ కోసం లేచి కూర్చున్నాను. పెద్దత్త అయింది, లిఫ్టు అయింది, ఒక్కొక్కరూ అయ్యారు. చిన్నాయన వంతు వచ్చింది. చీటీని ముక్కు దగ్గర పెట్టుకుని నీలం గేటు దాకా, ట్రాన్స్‌ఫార్మర్ దాకా చదివింది. ఆగింది. పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. ఆ వేళప్పుడు మా ఇంట్లో నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఒంట్లో బాగానే ఉందా అని పక్క పోర్షన్ ఆవిడ తర్వాత వచ్చి అడిగింది. నాయనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని ప్రార్థనలో నా వంతుకు వచ్చింది, నా రెండు సబ్జెక్టులతో సహా, పూర్తి గొంతుతో.

కట్టు విప్పినప్పుడు డాక్టరే కనబడ్డాడు. చిన్నాయన దవాఖానకు రాలేదు. తర్వాతి ఆదివారం మా కుక్కర్‌కు కొత్త రబ్బరు తెచ్చాడు. అన్నం తింటావా అని నాయనమ్మ అడిగింది, తింటానన్నాడు. పని ఎలా ఉందని ఆమె అడగలేదు. రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ పచ్చడి వడ్డించింది. చిన్నాయన ఆ పచ్చడంతా తిన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు బతికింది. ఆమె ప్రార్థనలో ఆ ఒక్క చోట మౌనం అలాగే ఉండిపోయింది. పోయాక అందరికీ చీరలు అందాయి, నాకు డైరీ అందింది. మొన్న తిరగేస్తుంటే చిన్నాయన పాత అడ్రస్, పక్కనే అంటించిన బిల్లు కనబడ్డాయి.

నాంపల్లి ఇంటికీ గన్‌ఫౌండ్రీ ఇంటికీ పిన్‌కోడ్ ఒకటే.