దొరసానికి అరువిచ్చిన నోరు

స్పానిష్ భాషలో వంటింటి సామాన్ల పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మరిచిపోదామని చూశాను, పోలేదు. వాటిని నా నోట్లో కుక్కిన మనిషి మీద కోపమూ పోలేదు.

అరవైల మొదట్లో, వాకాడుకు ఇవతల ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న దొరసాని ఇంట్లో వంట చేసేదాన్ని. ఆమెను స్పానిష్ మాట్లాడే ఏదో దేశానికి మారుస్తామన్నారట. పుస్తకం తెప్పించుకుంది. ఇంగ్లీషుకు దగ్గరగా ఉండే మాటలు ఇట్టే పట్టేసేది. హాస్పిటల్‌ను అక్కడ ఓస్పితాల్ అంటారని తెలిసిన రోజు చిన్నపిల్లలా నవ్వింది. పోలిక లేని మాటలే ఆమెకు తలనొప్పి. అలాంటివన్నీ వంటింట్లోనే దొరికాయి. వస్తువు కళ్లెదుట ఉండి, పక్కమనిషి పైకి పలుకుతుంటేనే మాట నిలుస్తుందట. నేను పొలుసు తీస్తున్న చేపను లాక్కుని, పైకెత్తి, "దీని పేరు పలుకుము" అనేది. ఆమె చెప్పిపెట్టినట్టు నేను 'పెస్కాదో' అనాలి. కూర మాడితే తిట్లు మాత్రం నాకే.

ఒకసారి గుప్పెడు ఉప్పు తీసి, పట్టుకుని పేరు పలకమని నా వైపు చెయ్యి చాచింది. మా ఇళ్లలో ఉప్పు చేతి నుంచి చేతికి అందుకోరు, తగాదాలొస్తాయని. "కింద పెట్టండమ్మా, తీసుకుంటా" అన్నాను. "మూఢనమ్మకము!" అని నా అరచెయ్యి లాగి అందులో పోసింది.

ఇదంతా ఎందుకు ఓర్చుకున్నానంటే, ఆడవాళ్ల వార్డులో ఆయా పని ఖాళీ కాబోతోంది. మంచాలకు కట్టిన చీటీల మీద పేర్లు చదవగలిగితే చాలు. పొయ్యి ముందు నుంచి లేవడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే. దొరసానికి తెలుగు చదవడం వచ్చు. "మీ మాటలు నేను పలుకుతా, మా అక్షరాలు మీరు నేర్పించండి" అని అడిగాను.

"తప్పక నేర్పెదను. మొదట నా మాటలు కుదురుకోనిమ్ము" అంది.

వానలు వెళ్లాయి, ఎండలు వచ్చాయి. ఆమెకు మాటలు కుదిరాయి. నాకు 'అ' కూడా రాలేదు.

ఒకరోజు ఆసుపత్రి వాచ్‌మన్ తాత వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమ్మే, ఆయా పనికి గూడూరు నుంచి ఎవురినో తెచ్చినారంట. నీకు చదువు చెప్తానన్న తల్లి ఏం జేస్తా ఉండాది?" అన్నాడు.

"పెస్కాదో అంటా ఉండాది తాతా" అన్నాను.

తిన్నగా ఆమె గదిలోకి పోయి అడిగాను. "ఎందుకు నేర్పించలేదమ్మా?"

"నీవు వార్డుకు పోయిన యెడల నాకు వంట ఎవరు చేయుదురు? ఎవరు పలుకుదురు? అయినను ఈ వయసున నీకు అక్షరములేల?"

"నాకంటే పెద్దోళ్లు మీరు. ఈ వయసులో మీకు కొత్త మాటలెందుకు?"

ఆమె మొహం కందిపోయింది.

మర్నాడు ఏమీ జరగనట్టు వచ్చి వంకాయ ఎత్తి పట్టుకుంది. "పలుకుము."

"వంకాయ" అన్నాను.

గరిటె చూపించింది. "గరిటె" అన్నాను.

"నా ఇంట నా మాట వినవలెను!"

"ఇల్లు మీదే. నోరు నాది."

కూర పొయ్యి మీద ఉడుకుతోంది. దించకుండా వచ్చేశాను.

అక్షరాలు చాలా ఏళ్ల తర్వాత మా వీధి పంతులుగారి భార్య దగ్గర నేర్చుకున్నాను. బదులుగా ఆమె ఇంట్లో పిండి విసిరిపెట్టేదాన్ని. ఏ రోజు పాఠం ఆ రోజే చెప్పింది, రేపు చూద్దామని ఒక్కసారీ అనలేదు. పేర్లు కూడబలుక్కుని చదవడానికి ఒక ఎండాకాలం కూడా పట్టలేదు. వార్డులో కావలసింది అంతే.