పెళ్లిళ్లు మాయమైన డిస్క్

మా బావకు మేడ్చల్‌లో ఫొటో స్టూడియో ఉంది. ఆయన కంప్యూటర్ ఏళ్ల తరబడి లోకంలోని వైరస్‌లన్నిటికీ ఉచిత సత్రం. పోనీలే పాపమని దాన్ని తుడిచి, లోపలి పాత సిస్టమ్ బదులు నేనే లినక్స్ ఎక్కించాను. ఫొటోలుండేది వేరే డిస్క్‌లో. దాని మీద నా ఊపిరి కూడా పడలేదు. అయినా నాలుగో రోజు ఫోన్.

"ఏం జేసినవ్ బామ్మర్దీ? పెండ్లిళ్లన్ని ఖతం! జల్దీ రా."

శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా బండి మీద నేను తిట్టుకున్న తిట్లు పోస్తే శామీర్‌పేట చెరువు పూడిపోతుంది.

స్టూడియోలో గౌడవెల్లి నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. వాళ్ల బాపు పోయాడు. రేపే దినాలు. దండ వేయడానికి ఫొటో కావాలి. ఆయన సరిగ్గా ఫొటో దిగింది ఈమె పెళ్లిలోనే, మా బావ కెమెరాకే. ఆ ఆల్బమ్ నిరుడు వానకు తడిసి ముద్దయింది.

"ఆధార్ కార్డుల ఫొటో పెడ్దమంటే, అండ్ల మా బాపు దొంగ లెక్కున్నడన్నా," అందామె.

"తుడిసింది గీయన్నే," బావ నా వైపు వేలు చూపించాడు.

ఒళ్లు మండింది. కుర్చీ లాక్కుని కంప్యూటర్‌కు ఆజ్ఞలిచ్చే నాలుగు వరుసల షెల్ స్క్రిప్ట్ రాశాను: ప్రతి ఏడాది ఫోల్డర్‌లోకీ దూరు, లోపలున్న ఫోల్డర్ల పేర్లన్నీ చెప్పు. 'అన్నీ' అనడానికి అక్కడ నక్షత్రం గుర్తు పెడతారు. పెట్టాను. పుట్టినరోజులు వచ్చాయి, దూలపల్లిలో ఎవరిదో షెడ్డు ప్రారంభం వచ్చింది. పెళ్లి ఒక్కటీ లేదు. మూడుసార్లు నడిపాను. నా చెవుల్లోంచి వచ్చిన పొగకు పక్క దుకాణంవాళ్లు దగ్గారు.

"సూసినవా? నీ లెక్కల మేడ్చల్‌ల ఒక్కరికి పెండ్లి గాలె!"

"నువ్వేడ వెట్టినవో నీకే యాదికి లేదు బావా, నా మీద పడ్తవేంది?"

మా అరుపుల మధ్య ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పుడే అక్క టిఫిన్ గిన్నెతో వచ్చింది. ఫోల్డర్లకు పేర్లు పెట్టేది ఆమే.

"ఏందిరా గీ లొల్లి? సడక్ దాంక ఇనవడ్తాంది."

"పెండ్లి ఫోల్డర్లకు పేర్లెట్ల వెట్టినవక్కా?"

"ఊరు, నెల. ముంగట ఒక సుక్క."

"సుక్కెందుకే?"

"దిష్టి సుక్కరా! పిల్లా పిలగాడు ముద్దుగుంటె ఎందరి కండ్లు వడ్తయో. లగ్గానికి సుక్క లేకుంట ఎట్ల?"

పాత సిస్టమ్ ఆ చుక్కను పట్టించుకోలేదు. లినక్స్‌లో మాత్రం పేరు ముందు చుక్క ఉంటే దాచిపెట్టమని అర్థం. తెర మీద కనబడదు, నక్షత్రానికి చిక్కదు. అక్క లోకం కళ్లన్నీ మూయబోయి నా కళ్లే మూసింది. ఆమెను ఏమనగలను? ఇన్నేళ్లుగా ఇదే నా పని అని ఊరంతా డప్పు కొట్టుకుంటూ, దాచినవాటిని వెతకాలని తోచని నా బుర్రను నేనే ఆపకుండా తిట్టుకున్నాను. స్క్రిప్ట్‌లో ఒక్క వరుస చేర్చాను: చుక్కతో మొదలయ్యేవీ చూపు. పెళ్లిళ్లన్నీ బరాత్ ఊరేగింపులా బారులు తీరాయి.

ఆమె పెళ్లి దొరికింది. బాపు రెండు ఫొటోల్లో ఉన్నాడు. ఒకదాంట్లో ముప్పై రెండు పళ్లతో నవ్వుతున్నాడు. ఇంకోదాంట్లో కెమెరాను కొట్టేలా చూస్తున్నాడు. నవ్వే ఫొటోను బావ పెద్దది చేశాడు.

"గది వద్దన్నా," అందామె. "కోపంగున్నదే వెయ్యి. నవ్వేది వెడితె మా ఇంట్ల ఎవ్వలు గుర్తువట్టరు."