మూడో యుగపు ఆకు, రెండు చెంచాల పాలు

తిరుత్తణి కొండ మెట్టు మీద చెయ్యి పెట్టి ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కల్పితం కాదు.

తిరువళ్ళూరు అవతల పొలంలో జేసీబీ తవ్విన గుంట దగ్గర నాకొక పలకరాయి దొరికింది. దాని మీద ఈనెలతో సహా ఆకు అచ్చు. ఊరికే ఉండలేక మా మామతో, అంటే నా భార్య తండ్రితో, "కృతయుగం నాటి ఆకు మామా, మోకాళ్ళ నొప్పికి మంచిది" అన్నాను. ఆ నోరే నా కొంప ముంచింది. ఆయన దాన్ని పూజగదిలో పెట్టి రోజూ పాలతో అభిషేకం మొదలుపెట్టాడు. ఆ పాలు ఈనెల సందుల్లో విరిగి, పచ్చగా పేరుకుని, తడిసిన గోనెసంచి కంపు కొట్టేవి. ఆ తీర్థంలో తొలి చెంచా నాకే, రాయి తెచ్చినవాణ్ణి కదా. వద్దంటే అబద్ధం బయటపడుతుంది. ఊపిరి బిగబట్టి మింగేవాణ్ణి. మధ్యాహ్నం అన్నం దాకా ఆ జిడ్డు నాలుకను వదిలేది కాదు.

"ఏ యుగందో ఆఫీసరు నోటితోనే వినాల" అని ఒకరోజు మామ రాయిని తువ్వాలులో చుట్టుకుని, ఆనకట్ట దగ్గరున్న చిన్న మ్యూజియానికి నన్ను లాక్కెళ్ళాడు.

గోడ మీద భూమి వయసు పటం, నాలుగు పట్టీలు. అడుగున జీవం అంతంతమాత్రంగా ఉన్న కాలం, దాని మీద చేపల కాలం, ఆపైన రాక్షసబల్లుల కాలం, కొసన పాలిచ్చే జంతువుల కాలం. అక్కడి మేడం మా ఆకుకు మూడో పట్టీ చూపించింది.

"నాలుగే గదా. మూడోదంటే ద్వాపరం. కృతం అంటివే అల్లుడా?"

"ఒకటి రెండు యుగాలు అటూ ఇటూ, మామా."

అప్పటికి ఆవులే పుట్టలేదట. అలాంటి ఆకుకు మేము ఆవుపాలు పోస్తున్నాం.

పక్కనే అద్దాల పెట్టెలో అచ్చం మా రాయిలాంటిదే ఉంది. కింద తమిళంలో చీటీ: తొల్లుయిర్ ఎచ్చం. మామ కూడబలుక్కుని చదివి ఆగిపోయాడు. తొల్లుయిర్ అంటే పాతకాలపు ప్రాణి. ఎచ్చం అంటే మాకు తెలిసింది మిద్దె మీద కాకులు వేసేదే.

"ఇన్నాళ్ళూ రెట్ట కడిగిన పాలా అల్లుడా నేను తాగింది?"

నాకు లోలోపల పండగే, ఇక చెంచా తప్పింది. మామ బయటికొచ్చి మూడుసార్లు ఉమ్మి, రాయిని ఆనకట్ట నీళ్ళలోకి విసిరేశాడు.

సరే, ఒప్పుకుంటాను. ఆ ఉమ్మడం, విసరడం నా కల్పన. నిజానికి మేడం నవ్వి, "ఎచ్చమంటే మిగిలినది కూడా అయ్యా" అని చెప్పింది. మామ మొహం విప్పారింది.

"మిగిలిందంటే శేషం. దేవుడి దగ్గర మిగిలింది ప్రసాదమే గదా" అని రాయిని కళ్ళకద్దుకున్నాడు.

ఆ రోజు నుంచి నాకు రెండు చెంచాలు. ఈ ఉదయం రెండో దాంట్లో చీమ ఉంది.